పడవ అడుక్కి జారుడు పూత పూస్తే వేగం పెరుగుతుందా? డబ్బా కొనేముందు ఈ పనులు చేయండి

ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేటకు నిషేధం మొదలవుతుంది, జూన్ 14 దాకా ఇంజను పడవలన్నీ ఒడ్డు మీదే ఉంటాయి. ఈ 61 రోజుల్లో మా కొత్తపట్నం వైపు పాలేల్లో వల బాగుచేసుకునేవాళ్లు, ఇంజను విప్పుకునేవాళ్లు, తాటాకు పందిరి కింద పేకాడేవాళ్లు ఎటూ ఉంటారు గానీ, ఏటా ఎవరో ఒకరు చేతిలో ఒక డబ్బా పట్టుకుని కూడా వస్తారు. "ఇది అడుక్కి రుద్దితే నీళ్లు అంటవు మామా, పడవ జారిపోద్ది, డీజిల్ సగం మిగులుద్ది" అంటారు. చెప్పేవాడు అబద్ధం చెబుతున్నాడని కూడా అనలేం, చాలాసార్లు వాడూ నమ్మే చెబుతాడు.

నేనూ నమ్మాను. మాది 28 అడుగుల ఫైబర్ పడవ. మూడేళ్ల కింద ఒంగోలులో ఒక షాపులో మైనం లాంటి పూత కొన్నాను, పేరెందుకులే. దాన్ని రుద్దేముందు అడుగంతా శుభ్రంగా కడగాలని డబ్బా మీద రాసి ఉంది కాబట్టి రెండు రోజులు కూర్చుని పాచి గీకి, అడుక్కి అతుక్కుని పెరిగిన గుల్లలు ఊడదీసి, వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది, ఆరబెట్టి, అప్పుడు పూత పూశాను. జూన్ 15న నీళ్లలోకి దింపితే పడవ నిజంగానే తేలిగ్గా పోయింది. ఊరంతా చెప్పుకున్నాను. మా బావమరిదిదీ అదే అచ్చులో పోసిన పడవ, అదే ఇంజను. వాడు నాతో కూర్చుని సాయం చేస్తూ తన పడవనీ అలాగే గీకి కడుక్కున్నాడు గానీ, డబ్బా కొనడానికి డబ్బుల్లేక పూత మాత్రం వదిలేశాడు. వారం తర్వాత రెండు పడవలూ పక్కపక్కన పోతే చూద్దును కదా, వాడిదీ నాదీ ఒకటే పోత. నేను డబ్బులిచ్చి కొన్నది పూతని, నాకు పనికొచ్చింది మాత్రం కడుగుడు.

మీరూ ఈ నిషేధంలో అలాంటిదేదో పూద్దామనుకుంటుంటే ముందు ఇది చదవండి, తర్వాత మీ ఇష్టం.

తామరాకు లెక్క ఎందుకు పనిచేయదు

డబ్బా అమ్మేవాడు ఒక పని చేసి చూపిస్తాడు. పూసిన రేకు మీద నీళ్లు చల్లుతాడు, తామరాకు మీదలాగా నీళ్లు బొట్లు బొట్లుగా జారిపోతాయి. చూశావా, నీళ్లు అంటట్లా, అంటాడు. బాగానే ఉంది. కానీ అక్కడ బొట్టు చుట్టూ గాలి ఉంది కాబట్టి అది బొట్టు కట్టింది. పడవ అడుగు నీళ్లలో మునిగాక బొట్టు ఎక్కడిది, జారడం ఎక్కడిది? మునిగిన తర్వాత పైపూత మైనమైనా, పెయింటైనా, ఉత్త ఫైబరైనా, దాన్ని తాకే మొదటి నీటి పొర దానికి అతుక్కునే ఉంటుంది, పడవతో పాటే వస్తుంది. దాని పక్క పొర కొంచెం వెనకబడుతుంది, ఆ పక్కది ఇంకొంచెం. పడవను వెనక్కి లాగే రాపిడి నీటికీ నీటికీ మధ్య జరిగేది, నీటికీ పూతకూ మధ్య కాదు. మరి పూత మార్చితే ఏం మారుతుంది?

ఒక చిన్న సంగతి ఒప్పుకోవాలి. ప్రయోగశాలల్లో తామరాకు లాంటి అతి సన్నని ముళ్ల ఉపరితలం చేసి, నీళ్లలో కూడా దాని మీద గాలి పొర నిలిచేలా చేస్తే రాపిడి తగ్గుతుంది, అది నిజమే. కానీ ఆ గాలి నీటి ఒత్తిడికీ, నీటి పోతకీ కాసేపట్లో కరిగిపోతుంది, ఇక మన ఇసుకలో ఒకసారి ఈడిస్తే ఆ ముళ్లు మిగులుతాయా? డబ్బాలో అమ్మే మైనానికీ దానికీ సంబంధం లేదు.

ఈ ప్రశ్నకు దాదాపు నూట యాభై ఏళ్ల కిందటే జవాబు దొరికింది, అదీ విచిత్రం. 1870ల్లో ఇంగ్లండులో టార్కీ దగ్గర విలియం ఫ్రౌడ్ అనే ఇంజనీరు పొడవాటి నీటి తొట్టి కట్టించి, పలుచటి చెక్క పలకలకు రకరకాల పూతలు వేసి, వాటిని తొట్టిలో లాగి ఎంత బలం పడుతుందో కొలిచాడు. ఒక పలకకు వార్నిష్, ఒకదానికి పారఫిన్ మైనం, ఒకదానికి తగరపు రేకు, ఇంకోదానికి కాలికో అనే నూలు గుడ్డ, కొన్నిటికి ఇసుక. వార్నిష్‌కీ మైనానికీ మధ్య తేడా చాలా స్వల్పం. గుడ్డ, ఇసుక అంటించిన పలకలకు మాత్రం లాగే బలం దాదాపు రెట్టింపు దాకా పోయింది. అంటే నునుపుగా ఉన్నదానికి ఇంకా మెరుపు పెడితే వచ్చేది చాలా తక్కువ, గరుకుగా ఉన్నదాన్ని నునుపు చేస్తే వచ్చేది చాలా ఎక్కువ. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద చెప్పే పనులన్నీ మీకే తోస్తాయి.

ఎంత నునుపు చాలు? పడవను ఆనుకుని ఉండే ఆ మందకొడి నీటి పొర దుప్పటి లాంటిది, దుప్పటి కింద దాక్కున్న గరుకు బయట పారే నీటికి తెలియదు. వేగం పెరిగేకొద్దీ దుప్పటి పలచబడుతుంది. మన పడవలు పోయే ఆరు నాట్ల (గంటకు సుమారు 11 కిలోమీటర్ల) వేగానికి సుమారు 30 మైక్రాన్ల దాకా గరుకు దాని కింద సరిపోతుంది. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు, దాంట్లో సగం కంటే తక్కువన్నమాట. 400 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దితే మిగిలే గీతలు దానికంటే లోతు తక్కువే ఉంటాయి. ఆపైన అద్దంలా మెరిసినా, మెరవకపోయినా నీటికి ఒకటే.

(పందెం పడవల వాళ్లు ఇంకో దారి పట్టారు. 1987లో అమెరికా కప్ గెలిచిన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ అడుగున నునుపు కాదు, సొరచేప చర్మంలాగా సన్నటి గీతలున్న ఫిల్మ్ అంటించారు. దాంతో రాపిడి కొద్ది శాతం తగ్గుతుంది. తర్వాత పందెం నియమాల్లో అలాంటి గీతల ఉపరితలాలనూ, నీటిలోకి పాలిమర్ లాంటి పదార్థాలు వదలడాన్నీ నిషేధించారు. గీతల కొలత వేగానికి సరిగ్గా సరిపడాలి, పాచి పడితే అంతే సంగతులు. మనకు పనికొచ్చేది కాదు, సరదాకి చెప్పాను.)

మొదటి పని: మీ పడవ రాత్రి ఎక్కడ పడుకుంటుందో చూడండి

ఏం పూయాలన్నది దీన్ని బట్టే ఉంటుంది, పెయింటు షాపువాడు మాత్రం ఈ ప్రశ్న అడగడు.

రోజూ వేట నుంచి రాగానే ట్రాక్టరుతోనో, దుంగల మీదో ఒడ్డుకు లాగేసే ఫైబర్ పడవ అయితే దాని అడుగున గుల్లలు పెరగడానికి టైమే ఉండదు. ఎండ దానికి మందు. పాతకాలం తెప్పలను విప్పి దుంగలు ఎండబెట్టేవాళ్లు, నీళ్లు పీల్చి బరువెక్కకుండా. ఫైబర్ పడవకు వేరే లాభం, ఎండితే పాచి, చిన్న గుల్లలు చచ్చిపోతాయి. ఇలాంటి పడవకు అసలు శత్రువు ఇసుక. రోజూ ఈడ్చి ఈడ్చి అడుగు మధ్య వెన్ను దగ్గర జెల్ కోట్ (ఫైబర్ మీది నున్నటి పైపొర) పోయి, లోపలి ఫైబర్ పోగులు బయటకొచ్చి గోనెపట్టాలా ఉంటుంది. ఫ్రౌడ్ కాలికో గుడ్డ పలక అంటే అచ్చం అదే.

కండలేరు క్రీకులోనో, బకింగ్‌హామ్ కాలవలోనో, జువ్వలదిన్నె లాంటి హార్బరులోనో నీళ్లలోనే కట్టేసే పడవ అయితే కథ పూర్తిగా వేరు. మన వెచ్చటి ఉప్పునీళ్లలో రెండు మూడు రోజుల్లో జిగురు పొర పడుతుంది, కొన్ని వారాల్లో గుల్లలు పట్టుకుంటాయి. ఇక్కడ ఇసుక కంటే గుల్లదే దెబ్బ.

ఎంత దెబ్బ? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చిన్న చేపల పడవల డీజిల్ పొదుపు మీద 1999లో వేసిన మార్గదర్శిలో ఒక లెక్క ఉంది. గుల్ల పట్టకుండా పెయింటు వేయకపోతే నెలకే ఇంధనం 7 శాతం దాకా, ఆరు నెలలకు 44 శాతం దాకా పెరగొచ్చని. అమెరికా నౌకాదళ అకాడమీలో మైకేల్ షుల్ట్జ్ 2007లో ఒక యుద్ధనౌకకు వేసిన లెక్క ఇంకా గట్టిది: 15 నాట్ల వేగం నిలబెట్టడానికి, దట్టమైన జిగురు పట్టినా 21 శాతం, గుల్లలు దట్టంగా పట్టితే 86 శాతం ఎక్కువ శక్తి కావాలి. మన పడవ యుద్ధనౌక కాదు, అవే అంకెలు దీనికి అతికించకండి, కానీ జిగురు కూడా లెక్కలోకి వస్తుందన్నది గమనించండి. "గుల్లలు లేవు కదా, కొంచెం పాచేగా" అనే మాట మనం ఎక్కువ అంటాం.

రెండో పని: కంటితో కాదు, చేత్తో చూడండి

పడవను పక్కకు వాల్చి అణియం (ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా అరచేత్తో తడుముతూ పోండి. ఇంకా మంచి పద్ధతి ఒకటుంది, పాత నైలాన్ చీర ముక్క తీసుకుని దాన్ని అడుగు మీద మెల్లగా లాగండి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. చిన్న చిన్న గుల్లల వేళ్లు, అంటే గుల్ల ఊడిపోయినా మిగిలే తెల్ల చక్రాలు, కంటికి ఏమీ అనిపించవు, చీర మాత్రం పట్టేస్తుంది. వెన్ను, అణియం కింద భాగం, ఫ్యాను (ప్రొపెల్లర్) ముందు ఉండే భాగం, ఈ మూడూ బాగా చూడండి. ఫ్యాను ముందు గరుకుంటే నీళ్లు చెదిరి ఫ్యానుకు పోతాయి, రెండు నష్టాలు.

మూడో పని: కడగడం, గీకడం, రుద్దడం (అసలు పని ఇదే)

ముందు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు ఉండగా ఏ పూత వేసినా, ఏ లప్పం పెట్టినా నిలబడదు. బోరునీళ్లు కూడా ఉప్పగా ఉండే పాలేలు మనకు చాలా ఉన్నాయి, అలాంటిచోట రెండు క్యాన్లు మంచినీళ్లు కొని ఆఖరి కడుగుడుకు వాడండి, డబ్బు దండగ కాదు.

గుల్లలను చెక్క తెడ్డు మూలతోనో, ప్లాస్టిక్ గీకుడు పలకతోనో తీయండి. ఇనుప పారతో గీకితే గుల్ల పోతుంది, దాంతో పాటు జెల్ కోట్ కూడా పోతుంది. వైర్ బ్రష్ అసలు వద్దు.

ఇప్పుడు ఒక జాగ్రత్త, నేను డబ్బులు పెట్టి నేర్చుకున్నది. మీ పడవకు ఎప్పుడైనా మైనం గానీ సిలికాన్ లిక్విడ్ గానీ పూసి ఉంటే, రుద్దడానికి ముందే థిన్నర్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచేయాలి, గుడ్డలు మారుస్తూ. ముందు రుద్దితే ఆ మైనం గీతల్లోకి దిగిపోతుంది. నేను ఆ మైనం పూసిన మరుసటి ఏడు పడవను కొన్నాళ్లు క్రీకులో కట్టాల్సి వచ్చి గుల్లలు పట్టకుండా ఆపే పెయింటు వేయించాను, మూడు వారాలకు చేప పొలుసుల్లాగా ఊడిపోయింది. పెయింటు మంచిదే, కింద మైనం ఉంది. పెయింటు వేసిన మేస్త్రిని నానా మాటలన్నాను, తర్వాత టీ తాగించి క్షమాపణ చెప్పుకున్నాను.

దెబ్బలు, గీతలు, పోగులు తేలినచోట రెజిన్ (ఫైబర్ జిగురు), మ్యాట్ (ఫైబర్ పీచు పట్టా) వేసి పూడ్చండి. వేసేముందు ఆ చోటు బాగా ఎండాలి, నీళ్లు తాగిన ఫైబర్ మీద వేస్తే బొబ్బలు వస్తాయి. రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డనర్ ఎక్కువ పోస్తే తొందరగా అవుతుందని పోసేయకండి, మన మే నెల ఎండకు గిన్నెలోనే పొగలొచ్చి గడ్డకడుతుంది. వెన్ను కింద ఇసుకకు అరిగే పట్టీ ఉంటే దాన్ని మార్చండి. ఆ పట్టీ పడవ వేగానికి ఏ డబ్బా చేయనంత మేలు చేస్తుంది, ఎందుకంటే అడుగును ఇసుకకు తగలకుండా అదే కాపాడుతుంది.

తర్వాత వాటర్ పేపర్. 120తో మొదలుపెట్టి 220, ఆఖరికి 400. పైన పెయింటు వేయని పడవకు 400తో ఆపేయండి, అక్కడి నుంచి 1000, 1500 అని పోయి మెరుపు తెచ్చుకోవడం చేతులకు నొప్పి తప్ప ఏమీ రాదు. పెయింటు వేసే పడవకైతే 120 దగ్గరే ఆపాలి, లేకపోతే ప్రైమర్ పట్టుకోదు. కాగితాన్ని వేళ్లతో కాకుండా ఒక చెక్క ముక్కకు చుట్టి రుద్దండి, లేకపోతే వేళ్ల ఆకారంలో గుంటలు పడతాయి. తడిగానే రుద్దాలి, మూతికి మాస్కు కట్టాలి, ఫైబర్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. గుడ్డ కట్టుకుంటే చాలదా అంటారు, చాలదు.

నాలుగో పని: నీళ్లలో కట్టే పడవకు మాత్రం గుల్లల పెయింటు

రోజూ ఒడ్డెక్కే పడవ మీది అయితే ఈ భాగం వదిలేసి కిందికి పోండి.

గుల్లలు పట్టకుండా వేసే పెయింటులో ఎక్కువగా రాగి ఆక్సైడ్ ఉంటుంది, అది మెల్లగా నీళ్లలోకి వదులుతూ గుల్ల పిల్లల్ని అతుక్కోనివ్వదు. రాగితో గుల్లల్ని ఆపడం కొత్తేమీ కాదు, ఇంగ్లీషు నౌకాదళం 1761లోనే అలార్మ్ అనే ఓడ అడుక్కి రాగి రేకులు కొట్టి చూసింది. మధ్యలో టీబీటీ అని తగరం కలిపిన పెయింట్లు వచ్చాయి, గుల్లల్ని బాగానే చంపేవి గానీ నత్తల్నీ ఆల్చిప్పల్నీ కూడా పాడుచేశాయి, అందుకే వాటిని నిషేధిస్తూ 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి 2008 నుంచి అమల్లోకి వచ్చింది. ఎవరైనా పాత స్టాకు చవగ్గా ఇస్తానంటే తీసుకోకండి.

పెయింట్లలో రెండు రకాలు. ఒకటి నీళ్లలో కొద్దికొద్దిగా అరుగుతూ కొత్త పొర బయటపెట్టేది, రెండోది గట్టిగా ఉండేది. అప్పుడప్పుడూ ఇసుక మీదికి లాగే పడవకు గట్టి రకమే మేలు, మెత్తటిది ఒక్క ఈడుపుకు పోతుంది. పూసే టైము ఉదయం తొమ్మిది లోపు, లేదా సాయంత్రం ఎండ తగ్గాక. మధ్యాహ్నం పూస్తే పడవ పొయ్యి మీద పెనంలా ఉంటుంది, పెయింటు పరుచుకునే లోపే ఆరిపోయి కుంచె గీతలు నిలిచిపోతాయి, మీరు అంత కష్టపడి చేసిన నునుపు పోయినట్టే. మరీ పొద్దున్నే కూడా వద్దు, మంచు తడి ఆరిందో లేదో అరచేత్తో చూసుకోండి. కుంచె కంటే రోలరు, ఒక మందపాటి పూత కంటే రెండు పలచటి పూతలు. ప్రైమరుకీ పైపూతకీ మధ్య ఎన్ని గంటలు ఆగాలో, నీళ్లలోకి ఎన్ని రోజుల్లోపు దించాలో డబ్బా మీద ఉంటుంది. మనవాళ్లు చదవరు, మీరు చదవండి.

అవుట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే) ఇంజను కాలు అల్యూమినియంది అయితే రాగి పెయింటు దానికి తగలనీయకండి, అల్యూమినియాన్ని రాగి తినేస్తుంది. ఇంజను కాలుకు బిగించే జింకు ముక్క మీద ఏ పెయింటూ వేయొద్దు, కాలుకు బదులు తను తినబడటానికే అది ఉంది.

ఇంకోమాట, పాత పెయింటు గీకిన పొడి కాలవలోకి ఊడ్చేయకండి. మన దగ్గర రొయ్యల చెరువులు, హేచరీలు ఆ నీళ్లే తోడుకుంటాయి. రాగి రొయ్యపిల్లకు విషం. కింద పట్టా పరిచి, పోగుచేసి, సంచిలో కట్టండి.

సిలికాన్ రకం గురించి కూడా అడుగుతారు. అదే నిజమైన జారుడు పూత, పెద్ద ఓడలకు వేస్తారు. అక్కడ కూడా జారేది నీళ్లు కాదు, గుల్ల జిగురు. గుల్ల గట్టిగా పట్టుకోలేదు, ఓడ వేగంగా పోయినప్పుడు నీటి ఊపుకు రాలిపోతుంది. పాత రకాలకు 15 నాట్లు, కొత్తవాటికి 10 నాట్ల వేగం కావాలి. మనం పోయేది ఆరేడు నాట్లు, రోజులో సగం సేపు వల వేసి నిలబడే ఉంటాం. పైగా అది మెత్తన, వల గుండ్లు తగిలినా ఇసుక తగిలినా చిరుగుతుంది. ఖర్చు సంగతి వేరే చెప్పాలా. మనకు వద్దు.

ఐదో పని: పూత కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి

ఫ్యాను రెక్కలు చూడండి. అంచు వంగినా, రాయికి తగిలి చిన్న పన్ను పోయినా, దాని మీద గుల్ల పట్టినా ఇంజను తిరిగిన బలం వృథా. ఆకురాయితో అంచులు సరిచేయించండి, మూడు రెక్కలూ ఒకేలా ఉండాలి. షాఫ్టుకు చుట్టుకున్న వల దారం తీయండి.

బరువు. పడవ అడుగున నిలిచిన వంద లీటర్ల నీళ్లంటే వంద కేజీలు, ఒక మనిషి కంటే ఎక్కువ ఊరికే మోస్తున్నారన్నమాట. తేలడానికి పెట్టిన ఫోమ్ నీళ్లు తాగిందేమో ఒక మూల కోసి చూడండి, పాత పడవల్లో ఇది ఎవరికీ తోచని నష్టం.

ఇక వేగం. 28 అడుగుల పడవకు నీటిగీత దగ్గర పొడవు 25 అడుగులు అనుకుంటే, దాని సహజ వేగం 6.7 నాట్లు, గంటకు పన్నెండు కిలోమీటర్ల చిల్లర. దాని దగ్గరికి వచ్చాక మీరు ఎంత రేసు ఇచ్చినా పడవ తను లేపిన అల తనే ఎక్కడానికి ఖర్చవుతుంది, అక్కడ అడుగు నునుపు చేసే సాయం కూడా చిన్నదైపోతుంది. తీరిగ్గా పోయేటప్పుడు వేగం పదో వంతు తగ్గిస్తే ఇంజను మీద పడే భారం పావు వంతు పైగా తగ్గుతుంది, కాస్త ఆలస్యం అయినా మొత్తం మీద దూరానికి డీజిల్ అయిదో వంతు దగ్గర దగ్గరగా మిగులుతుంది. దీనికి డబ్బా అక్కర్లేదు. చేపతో ముందు ఒడ్డుకు చేరినవాడికే రేటు అంటారు, ఆ సంగతి నాకూ తెలుసు, కనీసం పోయేటప్పుడైనా తగ్గించండి.

ఆరో పని: కొలవండి, మనసు మాట నమ్మకండి

కొత్తగా ఏదైనా చేస్తే పడవ బాగా పోతున్నట్టే అనిపిస్తుంది. నాకూ అనిపించింది కదా. కాబట్టి ఇలా చేయండి.

గాలి లేని పొద్దున చూసుకుని, ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని, తీరానికి సమాంతరంగా ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు, గుర్తు పెట్టుకోండి. ఇద్దరే మనుషులు, వల దించేసి, ట్యాంకులో ఒకే మట్టం. ఇంజను యాక్సిలరేటర్ దగ్గర సుద్దగీత గీసి ప్రతిసారీ అక్కడే ఉంచండి. పోయేటప్పుడు ఒక టైము, అదే దారిన వచ్చేటప్పుడు ఒక టైము. మన తీరం వెంట నీటి లాగుడు వేసవిలో ఉత్తరానికి, కార్తీకం వైపు దక్షిణానికి ఉంటుంది కాబట్టి ఒకవైపు పరుగు చూసి సంబరపడితే అది ప్రవాహం సంబరమే.

లెక్క ఇలా. పోయేటప్పుడు మైలుకు 10 నిమిషాలు పట్టింది, అంటే 6 నాట్లు. వచ్చేటప్పుడు 8 నిమిషాలు, అంటే 7.5 నాట్లు. రెండు వేగాలు కలిపి సగం చేయండి, 6.75. నిమిషాలను కలిపి సగం చేయకండి, తప్పు వస్తుంది. ఇలా మూడుసార్లు తిరగండి. మూడింటిలో మీకే 6.6, 6.8, 6.75 అని రకరకాలుగా వస్తే, తర్వాత పూత పూసి 6.85 వచ్చిందని డ్యాన్సులు వేయాల్సిన పనిలేదు, ఆ తేడా పూతది అని చెప్పలేం.

డీజిల్‌కు వేరే డబ్బా పెట్టి, గుర్తు దాకా నింపి, పది కిలోమీటర్లు తిరిగొచ్చి, మళ్లీ గుర్తు దాకా కొలగిన్నెతో పోయండి. పోసిన లీటర్లే మీరు కాల్చినవి.

ఈ కొలత మూడుసార్లు చేయాలి: శుభ్రం చేయకముందు ఒకసారి, శుభ్రం చేసి రుద్దాక ఒకసారి, పూత పూశాక ఒకసారి. నేను చేసిన తప్పు రెండోదాన్ని ఎగరగొట్టడం. అది ఉంటేనే ఏది కడుగుడు పుణ్యమో, ఏది డబ్బా పుణ్యమో తేలుతుంది. ఇంకా తేలిక పద్ధతి, మీ పడవ జోడు ఉన్న బావమరిది ఎవరైనా ఉంటే వాడిది పూయకుండా వదిలేయమనండి.

ఏడో పని: అప్పటికీ పూయాలనిపిస్తే

మైనం పనికిరానిది అనను. నీటిగీత పైన, పక్క గోడలకు పూయండి. ఎండకు జెల్ కోట్ సున్నంలా పొడి రాలుతుంటుంది, మైనం దాన్ని ఆపుతుంది, నెత్తుటి మరకలు, చేప జిగురు తుడిస్తే పోతాయి, పడవ అమ్మేటప్పుడు కొత్తదిలా కనిపిస్తుంది. నీటిగీత కింద మాత్రం వద్దు, రేపు పెయింటు వేయాల్సి వస్తే నాకైనట్టే అవుతుంది. వేట నిషేధంలో ప్రభుత్వ సాయంగా వచ్చే 20 వేలల్లో దానికి పోసేకంటే రెజిన్, మ్యాట్, వాటర్ పేపర్, ఒక మంచి మాస్కు కొనుక్కోండి, మిగిలింది ఇంట్లో ఇవ్వండి. నా దగ్గర మిగిలిన సగం డబ్బా మా బావమరిది పట్టుకుపోయాడు, వాడి బైకు ట్యాంకు మాత్రం అద్దంలా ఉంది.

వేట మొదలయ్యాక

నీళ్లలో కట్టే పడవను పదిహేను రోజులకోసారి చేత్తో తడిమి చూడండి. జిగురుగా ఉంటే కొబ్బరి పీచుతోనో, మెత్తటి గోనెతోనో తుడిచేయండి, గుల్ల కాకముందే. గట్టిగా రుద్దితే పెయింటు పోతుంది, మెల్లగానే. వీలైతే పున్నమి, అమావాస్యల్లో పెద్ద పోటు వచ్చినప్పుడు పడవను గట్టుకు ఎక్కించి, రెండు మూడు రోజులు ఎండనివ్వండి. గుల్లల పెయింటు వేసి ఉంటే, ఎన్ని రోజులు ఎండనివ్వొచ్చని డబ్బా మీద రాసి ఉందో అంతే. ఒడ్డెక్కే పడవ అయితే వెన్ను పట్టీ నెలకోసారి చూసుకోండి, అరిగిన చోట ముందే ఒక పొర వేసేయండి, పోగులు తేలేదాకా ఆగితే మళ్లీ మొత్తం పని. నైలాన్ చీర ముక్కను పడేయకండి, పడవలోనే అమరం దగ్గర ఎక్కడన్నా దోపి పెట్టండి.